నలభై అడుగుల సైనిక స్థావరం

మా కోటవారిపేట పురపాలక సంఘంలో మనుషుల లెక్క ఉంది, కొళాయిల లెక్క ఉంది, కుక్కల లెక్క కూడా ఉంది. స్తంభాల లెక్క మాత్రం లేదు. ఈ లోటు పైవాళ్ళ కంటపడి, పోయిన వేసవిలో స్తంభ గణన జరపమని ఉత్తర్వు వచ్చింది. ప్రతి స్తంభానికీ ఒక నంబరూ ఒక యజమానీ ఉండాలి. యజమాని లేని స్తంభం ఊళ్ళో ఉండరాదు. సి-సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటునైన నాకు పదకొండో వార్డు వచ్చింది. నా పేరు పంపన కామేశం. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేను రాసిన కాగితం ఒక్కటీ వెనక్కి రాలేదు. గొప్పకోసం చెప్పడం లేదు. తర్వాత జరిగినదంతా కాగితాల వల్లే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

గణనకి ఫోన్‌లో ఒక యాప్ ఇచ్చారు. స్తంభం ఫొటో తీయాలి, ఎత్తు రాయాలి, ఎవరిదో నొక్కాలి. నొక్కడానికి నాలుగు గడులు ఉన్నాయి: విద్యుత్తు, టెలిఫోను, పురపాలక, సైన్యం. అయిదో గడి లేదు. సొంతానికి స్తంభం పాతుకునే మనిషి ఉంటాడని ఆ యాప్ చేసినవాళ్ళకి తోచినట్టు లేదు.

మూడోరోజు పొద్దున్న పాలకేంద్రం వీధిలో దొమ్మేటి వీర్రాఘవులుగారి పెరట్లో అలాంటి స్తంభమే కనిపించింది. నలభై అడుగుల ఎత్తు, ముదురాకుపచ్చ రంగు. నాలుగువైపులా తాళ్ళు లాగి ఇనపమేకులకి కట్టారు. చిట్టచివర నుంచి రెండు తీగలు దిగి, ఒకటి కొబ్బరిచెట్టుకీ ఇంకొకటి స్నానాలగది గోడకీ ముడిపడి ఉన్నాయి.

వీర్రాఘవులుగారు టెలిఫోను శాఖలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళని హామ్‌లు అంటారు. ఆయన హామ్. వాళ్ళకి ఫోనూ అక్కర్లేదు, టవరూ అక్కర్లేదు. ఒక సెట్టు, ఆకాశంలోకి ఒక తీగ, ఆ తీగని ఎత్తున నిలబెట్టడానికి ఏదో ఒకటి ఉంటే చాలు. ఇన్నాళ్ళూ ఆ ఏదో ఒకటి వెదురుబొంగు.

"గాలొచ్చినప్పుడల్లా ఇరిగిపోయేదండి" అన్నారాయన. "ఏడాదికి నాలుగు బొంగులు. ఇది సికింద్రాబాదులో పాతసామాన్ల కొట్లో దొరికిందండి. సైన్యంవోళ్ళు అడవుల్లో రేడియో కోసం ఏసుకునేది. ఎనిమిది గొట్టాలు, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. తాళ్ళు, మేకులు, సుత్తి, అన్నీ ఒకే సంచిలో. ఇద్దరుంటే పావుగంటలో నిలబెట్టొచ్చంట. నేనూ మా ఆవిడా పట్టుకుంటే గంటన్నర పట్టిందండి."

"అందులో గంట ఈయన కాయితం చదవడానికి పట్టిందిలెండి" అన్నారు ఆయన భార్య అనంతలక్ష్మిగారు, నాకు మజ్జిగ గ్లాసు అందిస్తూ.

స్తంభం మొదట్లో తెల్లరంగుతో ఒక నంబరు, పైకి చూసే బాణం గుర్తు, 'సైన్యం ఆస్తి' అన్న మాట హిందీలోను ఇంగ్లీషులోను ఉన్నాయి.

"ఇది ఎవరిదని రాయమంటారు?" అన్నాను.

"నాదేనండి."

"నాది అన్న గడి లేదండి."

"పోనీ ఒదిలెయ్యండి."

"వదిలేస్తే యజమాని లేని స్తంభం కింద పడుతుందండి. వచ్చి పీకేస్తారు."

ఆయన స్తంభాన్ని చేత్తో ఒకసారి తడిమారు. పెంచుకున్న ఎద్దుని సంతకి తోలాల్సి వచ్చిన రైతులా ఉంది ఆయన ముఖం. నాకు జాలేసింది. "దానిమీద ఏం రాసి ఉందో అదే రాస్తానండి" అని సైన్యం గడి నొక్కాను. యాప్ నాకు కృతజ్ఞతలు చెప్పి, ఒకసారి నొక్కినది మార్చడానికి వీలు లేదని తెలియజేసింది.

వారం తిరక్కుండా కమిషనర్ విరూపాక్షరావుగారు పిలిచారు. ఆయన మా ఊరికి కొత్తగా వచ్చారు. ఊళ్ళో చెప్పుకోదగ్గది ఏమీ లేదని అప్పటికే రెండుసార్లు బాధపడ్డారు.

"కామేశంగారూ, మన పరిధిలో రక్షణ సంబంధమైన సంస్థాపన ఒకటి ఉన్న విషయం ఇంతవరకూ ఎందుకు తెలియపరచలేదు?"

"సార్, అది వీర్రాఘవులుగారి పెరడండి."

"పెరడు అనేది భౌగోళికమైన వాస్తవం. స్థావరం అనేది పరిపాలనాపరమైన వాస్తవం. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఏర్పడిన పక్షంలో కార్యాలయం దేనిని అనుసరించవలసి ఉంటుంది?"

"ఫైలునండి."

"అదే కదా."

బీరువా అడుగునుంచి పాత సర్క్యులర్ ఒకటి తీయించారు. 'సైనిక స్థావరముల పరిసరములలో పాటించవలసిన జాగ్రత్తలు' దాని పేరు. పన్నెండు అంశాలు. ఆ వారంలోనే పన్నెండూ అమలు చెయ్యమన్నారు.

ముందు గేటుకి 'నిషేధిత ప్రాంతము' అని బోర్డు కట్టాం. తర్వాత పోలయ్య అనే హోంగార్డుని కాపలా పెట్టాం. స్థావరానికి ఒక అధికారి ఉండాలన్నది మూడో అంశం. దానికోసం కమిషనర్ గారు స్వయంగా వెళ్ళారు. నేను ఫైలు పట్టుకుని వెనకాల వెళ్ళాను.

"ఈ స్థావరంలో సీనియర్ ఎవరు?"

"నేనేనండి. అరవై మూడేళ్ళు" అన్నారు వీర్రాఘవులుగారు.

"వయస్సు పరిగణనలోకి రాదు. ఇక్కడ ఎంతకాలంగా ఉంటున్నారు?"

"ముప్పై ఆరేళ్ళండి. ఇల్లరికం వచ్చాను."

"వారు?"

"నేను పుట్టిందే ఈ ఇంట్లోనండి" అన్నారు అనంతలక్ష్మిగారు.

ఆ విధంగా అనంతలక్ష్మిగారు స్థావరాధికారి అయ్యారు. రబ్బరుముద్ర, పాసుల పుస్తకం అప్పగించాం. లోపలికి వచ్చే ప్రతి పౌరుడికీ సంతకం పెట్టి పాసు ఇవ్వాలని, వచ్చిన కారణం అందులో రాయాలని కమిషనర్ గారు చెప్పారు.

"ఈయనక్కూడానా అండి?"

"పౌరుడే కదా."

"ఆ, పౌరుడే" అన్నారామె, భర్తని ఒకసారి ఎగాదిగా చూసి.

తర్వాత ఏడో అంశం. పై అనుమతి లేనిదే స్థావరం నుంచి బయటికి ఎటువంటి సందేశమూ వెళ్ళరాదు. వీర్రాఘవులుగారికి ఇది చదివి వినిపించినప్పుడు ఆయన, "వినొచ్చాండి?" అని మాత్రం అడిగారు. వినడానికి సర్క్యులర్‌లో అభ్యంతరం కనిపించలేదు. ఆ రోజునుంచి ఆయన పొద్దున్నే సెట్టు పెట్టుకుని, హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, ఎవరెవరో తన పేరు పిలుస్తుంటే వింటూ కూచునేవారు. జవాబు చెప్పేవారు కాదు. కందులవారిలంక బడిపంతులు జోసెఫ్ మాస్టారు, ఈయన దగ్గరే నేర్చుకుని పరీక్ష రాసిన మనిషి, రోజూ ఏడింటికి పిలిచి, పలక్కపోతే, "మాస్టారికి ఒంట్లో బాగోలేదేమో" అని గాలికి చెప్పుకుని ముగించేవారట. అది విన్నప్పుడు మాత్రం రాఘవులుగారు వాటిని చెవులనుంచి తీసేసి పెరట్లోకి వెళ్ళిపోయేవారని అనంతలక్ష్మిగారు నాతో అన్నారు.

మిగతా అంశాలు సాఫీగానే నడిచాయి. మొదటిరోజు రాఘవులుగారు బెండకాయలకని బయటికి వెళ్ళి, తిరిగొచ్చి, గేటు దగ్గర ఆగిపోయారు.

"పాసుండాలండి బాబూ" అన్నాడు పోలయ్య.

"నా ఇల్లయ్యా ఇది."

"ఇల్లని నాకెవరూ సెప్పలేదండి. స్తావరవన్నారు."

అనంతలక్ష్మిగారు కిటికీలోంచి పాసు రాసి ఇచ్చారు. వచ్చిన కారణం: భోజనం. సాయంత్రం పాసులో కారణం: నిద్ర. ఒకరోజు ఆయన కూరలో ఉప్పెక్కువైందని అన్నారు. మర్నాటి పాసులో 'భోజనం, వ్యాఖ్యలు అనుమతించబడవు' అని ఉంది. ఆమెకి ఎవరూ పరిపాలన నేర్పలేదు. కొందరికి పుట్టుకతోనే వస్తుంది.

స్థావరంవైపు కెమెరా తిప్పకూడదన్నది ఎనిమిదో అంశం. పక్కింట్లో పెళ్ళి జరిగింది. స్తంభం వాళ్ళకి పడమర. వధూవరులు తూర్పుముఖంగా కూచుంటారు కాబట్టి ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే వెనకాల స్తంభం పడుతుంది. అందుకని ఫొటోగ్రాఫరు మొత్తం పెళ్ళి వాళ్ళ వెనకనుంచే తీశాడు. తలంబ్రాలు పోస్తున్నది ఎవరో జడని బట్టి గుర్తుపట్టాలి. స్థావరంలోని చెత్త రహస్య సమాచారం కాగలదు కనుక చెత్తబండి ఆ గేటు దగ్గర ఆగడం మానేసింది. పటంలో స్థావరాలు చూపరాదు కనుక పాలకేంద్రం వీధి ఉన్నచోట తెల్లగా వదిలి కొత్త పటం అచ్చువేశాం. దరిమిలా ఆ వీధిలో దీపాలు ఆరిపోతే బాగుచెయ్యడానికి వెళ్ళిన మనిషి, పటంలో వీధి లేదని తిరిగొచ్చేశాడు.

సంబంధిత సైనికాధికారులకి నేనే ఉత్తరం రాశాను. స్తంభం నంబరు ఉటంకించి, ఈ స్థావరం ఏ దళానికి చెందినదో ధ్రువీకరించమని కోరాను. నాలుగు నెలలు జవాబు రాలేదు. జవాబు రాకపోవడమే స్థావరం అత్యంత రహస్యమైనదని తెలియజేస్తున్నదని కమిషనర్ గారు ఫైలులో రాయించారు.

అక్టోబరు చివర తుఫాను వచ్చింది. ఎగువన వానలకి గోదావరి కూడా నిండి ఉంది.

మా అత్తగారు నూకాలమ్మ కందులవారిలంకలో ఉంటుంది. ఆమెకి అక్కడ వంగతోట, రెండు గేదెలు ఉన్నాయి. ముందురోజు ఫోన్ చేసి రమ్మంటే రానంది. "గేదె నేడో రేపో ఈనేలా ఉంది అల్లుడుగారూ. దాన్నొదిలేసి నేనొచ్చి మీ ఇంట్లో ఏం సెయ్యనండి?" ఆ తర్వాత ఫోన్ పనిచెయ్యలేదు. తెల్లవారేసరికి ఊళ్ళో ఏ ఫోనూ పనిచెయ్యడం లేదు. కరెంటు లేదు. లంకలోకి నీళ్ళొచ్చాయని రేవులో ఎవరో అన్నారు. ఎంత వచ్చాయో ఎవరికీ తెలీదు.

నా భార్య రత్నం పొయ్యి వెలిగించలేదు. చీర కొంగు బిగించి గుమ్మంలో నిలబడింది.

"జోసెఫ్ మాస్టారి దగ్గర రేడియో ఉందని అమ్మ చెప్పేది. రాఘవులుగారిలాంటిదే. పదండి."

"అక్కడినుంచి సందేశాలు..."

"మీ సర్క్యులర్ సంగతి తర్వాత. పదండి."

వానలో వెళ్ళాం. పోలయ్య గేటు దగ్గర టార్పాలిన్ కప్పుకుని కూచున్నాడు. పాసుల పుస్తకం ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉంది.

"వచ్చిన కారణవండి?"

"మా అమ్మ" అంది రత్నం.

పోలయ్య ఒక్కక్షణం ఆమె ముఖంలోకి చూశాడు. అలాగే రాసి, సంతకం కోసం తనే లోపలికి పరిగెత్తాడు.

రాఘవులుగారు ముందురోజే పై నాలుగు గొట్టాలూ దించేసి స్తంభాన్ని ఇరవై అడుగులకి తగ్గించారు. అయినా గాలికి తాళ్ళు ఈల వేస్తున్నాయి. ఊళ్ళో కరెంటు స్తంభాలు సగం వాలిపోయాయి. ఇది మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. స్థావరం ఎత్తు మార్చడానికి అనుమతి తీసుకోలేదు కదా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. రత్నం పక్కనే ఉండడం వల్ల మింగేశాను.

ఆయన ముందుగదిలో కారు బ్యాటరీ పక్కన కూచుని ఉన్నారు. సెట్టులోంచి జోసెఫ్ మాస్టారి గొంతు వస్తోంది. మధ్యమధ్య గరగరలు.

"ఎవరన్నా వింటున్నారా అండీ. కందులవారిలంక బడి మేడ మీంచి మాట్లాడతన్నాను. నీళ్ళు కిటికీల దాకా వచ్చేశాయి. నేను కాక నలభై మూడు మంది ఉన్నారు. ముగ్గురు పసిపిల్లలు. బ్యాటరీ మధ్యాహ్నం దాటి రాదండి."

రాఘవులుగారి చెయ్యి మైకు మీద ఉంది. "నన్ను జైల్లో పెట్టినా సరేనండి, నేను పలుకుతాను" అన్నారు నావైపు చూడకుండా.

"ఉండండి" అన్నారు అనంతలక్ష్మిగారు. "కామేశంగారూ, ఈయన పలికితే ఈయన మీద కేసు. మీరు చూస్తూ ఊరుకుంటే మీ ఉద్యోగం పోతుంది. ఆ సర్క్యులర్ అంతా మీకు కంఠతా వచ్చుగా. దారేవన్నా ఉందా?"

పద్దెనిమిదేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. దారి ఎక్కడ మూసుకుపోతుందో చెప్పడానికే నన్ను పిలిచేవారు. కళ్ళు మూసుకుని ఒకటినుంచి పన్నెండు దాకా మనసులో చదువుకున్నాను.

"పదకొండో అంశం అండి" అన్నాను. "పై అధికారులతో సంపర్కం తెగిపోయినప్పుడు స్థావరాధికారి నిర్ణయమే తుది నిర్ణయం."

"తెగిపోయిందా?"

నా ఫోన్ తీసి కమిషనర్ గారి నంబరు నొక్కాను. చడీచప్పుడూ లేదు. "తెగిపోయిందండి."

అనంతలక్ష్మిగారు భర్తవైపు తిరిగారు. "మాట్లాడండి" అన్నారు. ఎందుకైనా మంచిదని ఒక కాగితం మీద ముద్ర కూడా వేశారు.

నాలుగు నెలల తర్వాత రాఘవులుగారు మైకు నొక్కి మాట్లాడారు. "జోసెఫూ, నేను. ఒంట్లో బానే ఉందిరా."

అవతలనుంచి జోసెఫ్ మాస్టారు, "మాస్టారూ" అని మాత్రం అన్నారు.

రత్నం ముందుకి వంగి మైకులోకి అడిగింది. "మా అమ్మ ఉందాండి?"

"ఉందమ్మా. గేదెల్ని కూడా మేడెక్కించమని అందర్నీ తిడతా ఉంది."

రత్నం అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. నేను ఆమె భుజంమీద చెయ్యి వేసి, గోడమీది క్యాలెండర్‌కేసి చూస్తూ నిలబడ్డాను.

జిల్లా కేంద్రంలో ఇంకొక హామ్ ఉన్నాడు. రాఘవులుగారు అతన్ని పట్టుకున్నారు. అతను వివరాలు రాసుకుని కంట్రోల్ రూముకి నడిచివెళ్ళాడు. మధ్యాహ్నానికి రెండు పడవలు లంకకి వెళ్ళాయి. నలభై మూడు మందినీ తెచ్చి మా హైస్కూల్లో దించాయి. జోసెఫ్ మాస్టారు మాత్రం రాలేదు. అప్పటికి మేడెక్కిన తొమ్మిది గేదెల్నీ చూసుకుంటానని, ఒక బ్యాటరీ ఇస్తే చాలని ఉండిపోయారు.

మా అత్తగారు మా ఇంటికొచ్చి తలారబోసుకుంటూ, "పడవలో గేదె పట్టదన్నాడండి ఆ మడిసి. పట్టిచ్చుకుంటే పడతాది" అంది. రెండోరోజు గేదె మేడమీదే ఈనిందని రేడియోలో కబురొచ్చింది. పెయ్యదూడట. ఇక ఆమె ఒక్కచోట కూచోలేదు.

మూడు రోజుల్లో లంకలో నీళ్ళు తీశాయి. అందరూ వెనక్కి వెళ్ళడానికి మూటలు కట్టుకున్నారు. రేవులో నాటుపడవలన్నీ తుఫానుకి చితికిపోయాయి. సర్కారు పడవలే దిక్కు.

కమిషనర్ గారు అప్పటికే 'సైనిక-పురపాలక సమన్వయం: ఒక ఆదర్శ నమూనా' అన్న నివేదిక రాయిస్తున్నారు. సరిగ్గా నాలుగోరోజున సైన్యంనుంచి జవాబు వచ్చింది. మూడే వాక్యాలు. సదరు నంబరు గల స్తంభం పన్నెండేళ్ళ క్రితమే నిరుపయోగమైనదిగా ధ్రువీకరించబడినది. పాతసామాను కింద వేలం వేయబడినది. మీ పట్టణంలో మాకు స్థావరం లేదు.

ఆయన ఉత్తరాన్ని రెండుసార్లు చదివి బల్లమీద పెట్టారు.

"నిరుపయోగమైన స్తంభం నుంచి సందేశం వెళ్ళినట్టు నివేదికలో రాశాం."

"వెళ్ళింది సార్. నేను అక్కడే ఉన్నాను."

"మీరు ఏ ఆధారంతో అక్కడ ఉన్నారు?"

"పాసు తీసుకున్నానండి."

"స్థావరమే లేదని ధ్రువపడినందున పాసు చెల్లదు. పాసు చెల్లనందున మీరు అక్కడ లేరు." ఆయన కోపంగా లేరు. గడియారం బాగుచేసేవాడిలా ఒక్కొక్క చక్రమే అమరుస్తున్నారు. "స్తంభం పనిచేయనందున సందేశం వెళ్ళలేదు. సందేశం వెళ్ళనందున పడవలు వెళ్ళలేదు. పడవలు వెళ్ళనందున ఆ నలభై మూడు మందిని ఎవరూ తీసుకురాలేదు."

"మరి హైస్కూల్లో ఉన్నవాళ్ళు సార్? వెనక్కి వెళ్ళడానికి పడవలు అడుగుతున్నారు."

"తీసుకురాని వారిని తిరిగి పంపడం ఎలా సాధ్యం? వారు ఇక్కడికి ఎట్లు వచ్చిరో మూడు రోజులలోగా లిఖితపూర్వకంగా వివరణ ఇవ్వవలసిందిగా నోటీసులు సిద్ధం చేయండి."

నలభై మూడు నోటీసులు రాశాను. అదేరోజు బోర్డు విప్పించాం. అనంతలక్ష్మిగారు ముద్ర, పుస్తకం, వాడని పాసులు లెక్కపెట్టి అప్పజెప్పి రసీదు తీసుకున్నారు. పనికిరాని స్తంభం ఊళ్ళో ఉండరాదని కూడా ఆదేశం అయింది. ఈలోగా యాప్‌ని సరిచేసి, నొక్కినది మార్చుకునే వీలూ 'స్తంభం కాదు' అన్న గడీ కొత్తగా పెట్టారు. ఎవరికీ చెప్పకుండా నేను దాన్ని నొక్కి, వివరాల దగ్గర 'బట్టలారేసుకునే దండెం' అని నమోదు చేశాను. రాఘవులుగారు అది విని, పై నాలుగు గొట్టాలూ మళ్ళీ ఎక్కించారు. తనిఖీకి ఎవరైనా వస్తారేమోనని అనంతలక్ష్మిగారు ఒక తాడుమీద రెండు తువ్వాళ్ళు వేసి ఉంచారు.

సాయంత్రం నోటీసుతో ఇంటికి వెళ్ళాను. మా అత్తగారికి చదువు రాదు. నేనే చదివి వినిపించాను. రత్నం వంటగదిలోంచి బయటికొచ్చి గరిటె పట్టుకుని నిలబడింది.

"అంటే ఏంటండి అల్లుడుగారూ?"

"మిమ్మల్ని ఎవరూ పడవలో తీసుకురాలేదంటున్నారు. మరి ఎలా వచ్చారో చెప్పమంటున్నారు."

"తీసుకొచ్చారని సెబితే?"

"పడవలు వెళ్ళలేదు కాబట్టి అది అబద్ధం అవుతుంది."

"ఈతకొట్టుకుంటా వచ్చానంటే?"

"అనుమతి లేకుండా ఈదారంటారు."

ఆమె గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, చాలాసేపు ఆలోచించింది. మా అత్తగారు ఆలోచిస్తున్నప్పుడు వేళ్ళతో నేలమీద వంగమొక్కల వరసలు గీస్తుంది.

"పోనీ, రానేలేదని రాయండి."

"అదేమిటండి?"

"ఆళ్ళు సెప్పిందే నిజవండి. నన్నెవరూ తేలేదు. నేనింకా బడి మేడమీదే ఉన్నాను. నాలుగు రోజులై కూడూ నీళ్ళూ లేవు. తొందరగా పడవ పంపించండి బాబూ, అని రాయండి."

నేను కలం పట్టుకుని ఆమెకేసి చూశాను. రత్నం గరిటె కింద పెట్టి, "రాయండి" అంది.

రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. మర్నాడు పొద్దున్నకల్లా హైస్కూల్లో ఉన్న మిగతా నలభై రెండుమందీ అదే మాట రాయించి సంతకాలో వేలిముద్రలో పెట్టారు. పసిపిల్లల తరఫున తల్లులు పెట్టారు.

కట్ట మొత్తం కమిషనర్ గారి ముందు పెట్టాను. ఆయన మొదటిది చదివారు. రెండోది చదివారు. పదోదానికి వచ్చేసరికి ఆయన ముఖం విచ్చుకుంది.

"చూశారా కామేశంగారూ. ఫైలు ఎప్పుడూ మోసం చెయ్యదు. వారింకా లంకలోనే ఉన్నారు." అంతలోనే గంభీరంగా మారిపోయారు. "నలభై మూడు మంది ప్రజలు పసిపిల్లలతో సహా మేడమీద నిరాహారంగా ఉంటే ఈ కార్యాలయం ఏం చేస్తున్నది? తక్షణం పడవలు పంపండి."

"లంకలో దారులన్నీ కొట్టుకుపోయాయి సార్. దారి తెలిసినవాళ్ళని వెంట తీసుకెళ్ళాలి."

"తీసుకెళ్ళండి. ఎంతమంది అవసరం?"

"నలభై మూడు మంది సార్."

ఆయన కలం ఆగింది. ఇదంతా ఆయనకి అర్థమైందో కాలేదో నాకు ఇప్పటికీ తెలీదు. నాకేసి తలెత్తి చూశారు. ఆ చూపు సాధారణంగా ఆయన చూసేదానికన్నా కొంచెం ఎక్కువసేపు ఉంది. తర్వాత 'అనుమతించడమైనది' అని రాసి సంతకం పెట్టారు.

పదింటికి రెండు పడవలు బయల్దేరాయి. వాటినిండా దారి చూపించేవాళ్ళు మూటలతో, పిల్లలతో కూచున్నారు. ఫారాలు పూర్తి చెయ్యడానికి నేను వెళ్ళాను. రత్నం కూడా వచ్చింది. గోదావరి ఎర్రగా, నెమ్మదిగా ఉంది. మా అత్తగారు అంచున కూచుని, పడవవాడికి అడుగడుగునా దారి చెబుతూనే ఉంది. నిజంగా దారి చూపించింది ఆమె ఒక్కతే.

లంకలో మోకాలిలోతు బురద. వంగతోట ఉన్నచోట మట్టి తప్ప ఏమీ లేదు. ఆమె దానికేసి ఒకసారి చూసి, బడివైపు నడిచింది. అందరూ వెనకే నడిచారు. మెట్లెక్కి మేడమీదికి వెళ్ళాం. జోసెఫ్ మాస్టారు గెడ్డం పెరిగి, గేదెల మధ్య బెంచీమీద కూచుని ఉన్నారు. దూడ అప్పటికే గంతులేస్తోంది.

నేను ఫారం తీశాను. "రక్షించబడినట్లు ఇక్కడ వేలిముద్ర వెయ్యాలండి."

"ఇక్కడేనా?"

"ఇక్కడే."

ఆమె వేసింది. తర్వాత దూడని చంకలోకి ఎత్తుకుని, దాని తల్లిని వెనకాల రానిచ్చి, ఒక్కొక్క మెట్టే దిగి తన ఇంటిదారి పట్టింది. రత్నం చీపురు వెతుక్కుంటూ ఆమె వెనకే వెళ్ళింది.

ఫారంలో ఒక గడి మిగిలింది. 'రక్షించిన పిమ్మట చేర్చిన స్థలము.' నలభై మూడు ఫారాల్లోనూ ఆ గడిలో నేను ఒకటే మాట రాశాను: స్వగృహం. అవి కూడా వెనక్కి రాలేదు.